టిక్కుమనే దాకా నొక్కండి

ఏమండోయ్, కాస్త ఇలా గోడ దగ్గరికి రండి. పొద్దున మీవాడు ఓ పేద్ద పెట్టె రెండు చేతులా పట్టుకుని గేటు తోసుకుని లోపలికి వెళ్ళాడు, చూశాన్లెండి. గ్రాఫిక్స్ కార్డే కదూ? పెట్టె సైజు చూస్తేనే తెలిసిపోయింది. పక్కింట్లో నేనొకణ్ణి ఉన్నానని తెలిసి కూడా ఒక్క మాట చెప్పలేదు! కనీసం మూత తీసి చూపించొద్దూ?

సరే, పోనిద్దురూ. ఇంతకీ కేబుళ్ళు తగిలించేశారా? ఇంకా లేదా? హమ్మయ్య. అసలు మజా అంతా అక్కడే ఉంది.

కార్డు గురించైతే అందరూ గంటలకొద్దీ మాట్లాడతారు. మెమరీ ఎంత, ఏ ఆటలో ఎన్ని ఫ్రేములు, ఫ్యాన్లు ఎన్ని. కేబుల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఆ, గుచ్చేస్తే సరి" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అన్ని వేల రింగిట్లు పోసి కొన్న వస్తువు మొత్తం ఆ చిటికెడు ప్లాస్టిక్ ప్లగ్గు మీద ఆధారపడి ఉంటే, గుచ్చేస్తే సరా?

ఎక్కడ కొన్నారు, లో యాట్‌లోనేనా? కౌలాలంపూర్‌లో ఉంటూ కంప్యూటర్ సామాను కోసం అటు వెళ్ళనివాళ్ళెవరు లెండి. బుకిట్ బింతాంగ్‌లో ఫెడరల్ హోటల్ ఉంది చూశారూ, 1957లో మెర్డెకా వేళకి, అదే స్వాతంత్ర్యం వచ్చిన వేళకి తెరిచిన హోటలు. దాన్ని కట్టించిన పెద్దమనిషి పేరే లో యాట్. 1999లో పక్కనే వచ్చిన ఈ ప్లాజాకీ ఆయన పేరే పెట్టారు. లోపల అడుగు పెట్టగానే "బాస్, ఏం కావాలి బాస్" అంటూ పిలుపులు. నాకా పిలుపు భలే ఇష్టం. ఒక్కో దుకాణంలో ఉత్త కేబుళ్ళే వేలాడుతుంటాయి. నలుపు, తెలుపు, దారం అల్లిన తొడుగులవి. మా ఆవిడ బట్టల కొట్టులో ఎంతసేపుంటుందో నేనక్కడ అంతసేపు ఉంటాను.

ఇప్పుడు అసలు సంగతికి రండి. కార్డుని మదర్‌బోర్డు స్లాట్‌లో పెడితే ఆ స్లాట్ ఇచ్చేది 75 వాట్లు మాత్రమే. మిగతాది పవర్ సప్లై నుంచి కేబుల్లో రావాలి. పాత ఆరు పిన్నుల ప్లగ్గు మరో 75 ఇచ్చేది, ఎనిమిది పిన్నులది 150. కార్డుల ఆకలి పెరిగింది. ఆర్‌టీఎక్స్ 4090కి 450 వాట్లు, 2025 జనవరిలో వచ్చిన 5090కి 575. ఎనిమిది పిన్నులవి ఎన్నని తగిలిస్తాం? అందుకని పదహారు పిన్నుల ప్లగ్గొకటి తెచ్చారు. ఒక్కటే, 600 వాట్ల దాకా. పన్నెండు పెద్ద పిన్నులు, వాటి నెత్తి మీద నాలుగు బుల్లి పిన్నులు.

575 అంటే ఎంతో తెలుసా? 1981 గుర్తుందా మీకు? రెండో ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే, ఈ కౌలాలంపూర్‌లోనే జరిగాయి కదా. ఐబీఎం తన మొదటి పీసీని మార్కెట్లోకి తెచ్చిందీ ఆ ఏడే. ఆ మొత్తం కంప్యూటర్‌కి ఉన్న పవర్ సప్లై 63.5 వాట్లు! దానికి తొమ్మిది రెట్లు ఇప్పుడు ఆ 5090 కార్డొక్కటే తాగేస్తుంది. నాకైతే ఈ లెక్క తలుచుకుంటేనే హుషారొస్తుంది.

ఇంకో లెక్క చెప్పనా? విసుక్కోకండి, ఇది మరీ బావుంటుంది. మన గోడకున్న ప్లగ్గు చూడండి. మూడు పలకల పిన్నులు, గుప్పెడంత లావు, కడుపులో 13 ఆంపియర్ల ఫ్యూజు. 600 వాట్లు 230 వోల్టుల మీద వస్తే అందులోంచి వెళ్ళే కరెంటు మూడు ఆంపియర్లు కూడా ఉండదు. అవే 600 వాట్లు కార్డు దగ్గర 12 వోల్టులతో వెళ్ళాలి. అంటే 50 ఆంపియర్లు! అదీ బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దదైన ప్లగ్గులోంచి. పాత ఎనిమిది పిన్నుల దాంట్లో పిన్నుకీ పిన్నుకీ మధ్య 4.2 మిల్లీమీటర్లు ఉండేది. కొత్తదాంట్లో 3 మిల్లీమీటర్లే.

ఆ 50 ఆంపియర్లనీ ఆరు పిన్నులు మోస్తాయి. మిగతా ఆరూ తిరుగుదారి. ఒక్కోదాని వంతు 8.3, దాని సత్తా తొమ్మిదిన్నర లోపే. ఇది ఆరుగురు బోయీలు మోసే పల్లకీ అనుకోండి. ఇద్దరు భుజం వంచారా, బరువు తగ్గదు, మిగతా నలుగురి మీద పడుతుంది. ఒక్కొక్కరికి పన్నెండున్నర ఆంపియర్లు. వాళ్ళ భుజాలు కమిలిపోవూ? ఇక్కడ కమిలేది ప్లాస్టిక్. 2025 ఫిబ్రవరిలో డెర్‌బావర్ అనే జర్మనీ ఓవర్‌క్లాకర్ తన 5090 మీద తీగ తీగకీ కరెంటు కొలిచి చూపించాడు. ఒక తీగలో 20 ఆంపియర్లు దాటి పోతోంది, మిగతావాటిలో అంతకన్నా బాగా తక్కువ. కార్డు లోపల ఆరు పిన్నుల్నీ ఒకే పట్టీకి కలిపేశారు, ఎవరి వంతు ఎంతో చూసేవాళ్ళే లేరు. అంతకుముందు 3090 టీఐలో ఇద్దరిద్దరి చొప్పున మూడు జట్లుగా విడదీసి పంచేవారు. అంత చక్కటి ఏర్పాటు ఎందుకు తీసేశారో, నాకు మాత్రం మనసొప్పడం లేదు.

4090 వచ్చింది 2022 అక్టోబరులో. ఆ నెల తిరక్కుండానే కరిగిన ప్లగ్గుల ఫొటోలు బయటపడ్డాయి. నవంబరులో ఆ కార్డు తయారుచేసే ఎన్‌విడియా చెప్పిందేమిటంటే, తమకు తెలిసినవి యాభై దాకా కేసులు, వాటిలో ఎక్కువగా కనిపించింది ప్లగ్గు పూర్తిగా లోపలికి వెళ్ళకపోవడం. చూశారా? గుచ్చేస్తే సరి అన్నవాళ్ళ సంగతి!

2023లో దానికో చిన్న విరుగుడు చేశారు. నాకెంత నచ్చిందో చెప్పలేను. కార్డు వైపు సాకెట్లో ఆ నాలుగు బుల్లి పిన్నుల్నీ ఒకటిన్నర మిల్లీమీటర్లు పొట్టి చేశారు, పెద్ద పిన్నుల్ని పావు మిల్లీమీటరు పొడుగు చేశారు. అంతే! ఆ బుల్లి పిన్నుల్లో రెండింటి పని ఎన్ని వాట్లు తీసుకోవచ్చో కార్డుకి చెప్పడం. అవి అందకపోయినా మునుపు 150 వాట్లు లాక్కోనిచ్చేవి. ఇప్పుడైతే సున్నా. ప్లగ్గు చివరిదాకా వెళితేనే బుల్లి పిన్నులు తగులుతాయి, తగిలితేనే కార్డు లేస్తుంది.

మళ్ళీ మన గోడ ప్లగ్గు వైపు చూడండి. పైన ఎర్తు పిన్ను మిగతా రెండింటికన్నా పొడుగు. ముందు అది వెళ్ళి లోపలి మూతల్ని తెరిస్తేగానీ మిగతావి దూరవు. ఇంగ్లండులో 1947లో పుట్టిన కొలత అది. అక్కడ ముందు వెళ్ళాల్సినదాన్ని పొడుగు చేశారు, ఇక్కడ చివర్న తగలాల్సినవాటిని పొట్టి చేశారు. మిల్లీమీటర్ల తేడాతో మనిషినీ వస్తువునీ కాపాడే ఆలోచన రెండుచోట్లా ఒకటే. రోజూ ఫోను ఛార్జింగు పెట్టేటప్పుడు ఎప్పుడైనా గమనించారా ఆ పొడుగు పిన్నుని? లేదు కదూ! ఇవాళ గమనించండి.

ఇక చేతికి పని చెబుదాం. గోడ దగ్గర స్విచ్ కట్టేయండి. పవర్ సప్లైతో వచ్చిన కేబులే వాడండి. పాత డబ్బాలో ఉన్న ఇంకో కంపెనీ కేబుల్ అటువైపు చక్కగా పట్టేసినా సరే, వద్దు. పవర్ సప్లై వైపు ఏ పిన్నులో ఏ తీగ రావాలో అన్ని కంపెనీలకీ ఒకే పద్ధతంటూ లేదు. ఎనిమిది పిన్నులవాటిని పదహారు పిన్నులకి కలిపే అడాప్టర్ అయితే ఒక్కోదానికీ విడి కేబుల్ వేయండి, ఒకే కేబుల్‌కి రెండు తలలున్నవి కాదు. ఆరూ రెండుగా విడిపోయేదే కార్డుది. నాలుగూ నాలుగూగా విడిపోయేది ప్రాసెసర్‌ది, దాని జోలికి పోకండి.

కార్డు వీపుకి ఎడమ అరచేయి ఆన్చండి. కుడిచేతి బొటనవేలు తీగల మీద కాదు, గట్టి ప్లాస్టిక్ మీద. వంకర లేకుండా నిటారుగా తోయండి. సగంలో బిగుతుగా తగిలి ఆగుతుంది. చాలామంది అక్కడే అయిపోయిందనుకుంటారు. కాలేదండీ! ఇంకా నొక్కండి. టిక్. వినపడిందా? కొన్ని మరీ మెల్లిగా అంటాయి, గదిలో ఫ్యాను ఆపి వినండి. తర్వాత ఫోను టార్చి వేసి పక్కనుంచి చూడండి. ప్లగ్గుకీ సాకెట్‌కీ మధ్య గీతంత సందు కూడా ఉండకూడదు. ఒకసారి మెత్తగా వెనక్కి లాగి చూడండి, కదలకూడదు. ఎంఎస్‌ఐ వాళ్ళ పవర్ సప్లైల్లో కొన్నిటికి ప్లగ్గు కొస పసుపు రంగులో ఉంటుంది. పసుపు కనిపిస్తే శుభం అంటాం గానీ ఇక్కడ మాత్రం కనిపించకూడదు.

బిగించాక మీవాణ్ణి ఊరికే పీకి పెట్టనివ్వకండి. ఆ ప్లగ్గుకి 30 సార్ల లెక్కే రాసిపెట్టారు. ఆ ముచ్చట తీర్చుకోవడానికి మా ఇంట్లో పాత కార్డుంది, పంపండి.

ఆఁ, అసలైనది మర్చిపోయేవాణ్ణి. ప్లగ్గు నుంచి మూడున్నర సెంటీమీటర్ల దాకా కేబుల్ వంచకూడదు. ఈ కార్డులే మహా వెడల్పు. క్యాబినెట్ సన్నగా ఉంటే పక్క అద్దం మూయగానే అది కేబుల్ మెడ వంచేస్తుంది. అద్దం పట్టడం లేదని 90 డిగ్రీల అడాప్టర్ తెచ్చుకుంటానంటాడేమో. అలాంటివి ఒక రకం 2024 ఫిబ్రవరిలో అమెరికాలో 25 వేలకు పైగా వెనక్కి పిలిపించారు. ముందు టేపు తెచ్చి కొలవండి. చాలకపోతే కార్డు మార్చక్కర్లేదు, క్యాబినెట్ మారిస్తే చాలు. శనివారం లో యాట్‌కి నేనూ వస్తాను. దార్లో మమాక్ టీకొట్లో తే తారిక్ మీదే!