లత కొంగు

2024 జూలై 8, సోమవారం. హిందూపురం

మధ్యాహ్నం రైల్లో ధర్మవరం అన్న దిగినాడు. ల్యాప్‌టాప్‌ను టవల్లో చుట్టి, చీరల సంచిలో పెట్టి, దారి పొడుగునా ఒళ్లో పెట్టుకొని వచ్చినాడంట. కుర్చీలో కూర్చోకముందే, "మిషను పోతే పోనీప్పా, లోపలుండేది బయటికి రావాల" అన్నాడు.

పట్టుచీరలకు డిజైన్లు గీయడం ఆయన పని. కొంగు, అంచు, బుటా అన్నీ కంప్యూటర్లో గీసి అట్టలకు రంధ్రాలు కొట్టేవాళ్లకిస్తాడు. ఆ అట్టలు జాకార్డుకెక్కితే మగ్గం మీద పువ్వు లేస్తుంది. పన్నెండేళ్ల పని మొత్తం ఒక్క డిస్కులో ఉంది. ఒక టీబీ, రెండున్నర అంగుళాలది. ఆన్ చేస్తే తిరుగుతుంది, కాసేపటికి టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంది. ఒకోసారి చాలాసేపటికి స్క్రీన్ మీద కనబడి, మళ్లీ మాయమవుతుంది.

నా దగ్గరికి వచ్చేలోపలే దానికి నాటువైద్యాలన్నీ అయినాయి. వాళ్ల వీధిలో ఎవరో రాత్రంతా చెక్ డిస్క్ నడిపించినారు. అది ఫైళ్ల పట్టీలో తప్పులు దిద్దే ప్రోగ్రాము. దిద్దడమంటే డిస్కు మీద రాయడమే. చదవడానికే ఓపిక లేనిదానితో రాయించినారు. ఇంకొకరు ఫ్రిజ్‌లో పెట్టి తీయమన్నారంట. "కూరగాయలు పెట్టే చోట ఇదేంది" అని వదిన ఒప్పుకోలేదంట. ఆమెకు దండం పెట్టాల. హార్డ్ డిస్కుకు గాలి పీల్చే సన్న రంధ్రం ఒకటుంటుంది. చల్లబడినదాన్ని బయటికి తీస్తే లోపల చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ మీద చదివే హెడ్డు పోతే మిగిలేదేమీ ఉండదు.

శ్రావణం ఆగస్టు 5న మొదలు, వరలక్ష్మీ వ్రతం 16న. ఆలోపల మగ్గాలకెక్కాల్సిన డిజైన్లు కొన్ని ఇందులోనే ఇరుక్కున్నాయి.

జూలై 9, మంగళవారం

డిస్కును ల్యాప్‌టాప్ నుంచి ఊడదీసినాను. ఇంక విండోస్‌కు చూపించేది లేదు. లైనెక్స్ మిషనుకు తగిలించి, దాని ఆరోగ్యపు లెక్కలు మాత్రం చదివినా. చదవలేక పక్కనబెట్టిన సెక్టార్ల లెక్క చూస్తేనే అర్థమైంది.

బెంగుళూరు ల్యాబుకు ఫోన్ చేసినా. దుమ్ము లేని గదిలో మూత తీసి, అదే మోడల్ ఇంకో డిస్కు నుంచి హెడ్లు తెచ్చి మార్చడం వాళ్ల పని. వాళ్లు చెప్పిన అంకె అన్నకు చెప్పినాక ఫోన్లో కాసేపు ఏమీ వినపడలేదు. "వద్దులేప్పా, నువ్వే చూడు" అన్నాడు చివరికి.

నేను మూత తీయను. యూట్యూబ్‌లో టేబుల్ మీద పెట్టి విప్పేవాళ్లున్నారు, వాళ్ల ధైర్యం వాళ్లది. డిస్కు లోపలి పళ్లేలు నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. హెడ్డు వాటికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది, కంటికి కనబడని దుమ్ము కూడా దానికి అడ్డంపడే బండ. మా వీధిలో ఎండుమిర్చి లారీ పోతే అంగట్లో అందరూ తుమ్ముతారు. ఇక్కడ విప్పేదేంది?

డీడీరెస్క్యూ పెట్టినా. స్పెయిన్ ఆయనెవరో రాసిన ప్రోగ్రాము, ఉచితం, నల్ల తెర మీద అంకెలు తప్ప సోకులేమీ లేవు. దాని పద్ధతి మా తాత వడ్డీ వసూలు పద్ధతే: ముందు ఇచ్చేవాళ్లందరి దగ్గరా తీసుకో, మొండికేసినోళ్ల గడప చివర్లో తొక్కు. ఎక్కడ తీసుకుందో ఎక్కడ తీసుకోలేదో ఒక పటంలో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు. హిందూపురంలో ఈ గుణం చాలా అవసరం.

జూలై 12, శుక్రవారం

పటం చూస్తే విషయం తెలిసింది. చదివింది పచ్చ, చదవనిది ఎరుపు. కొంత పచ్చ, తర్వాత చిన్న ఎర్రపట్టీ, మళ్లీ పచ్చ, మళ్లీ ఎరుపు, మొదటి నుంచి చివరిదాకా ఇదే వరుస. గీతలు పడిన డిస్కయితే మచ్చలు ఎక్కడంటే అక్కడుంటాయి. ఇంత క్రమంగా ఉందంటే ఒక హెడ్డు పోయినట్టే. లోపల రెండు పళ్లేలు, నాలుగు ముఖాలు, ముఖానికొక హెడ్డు. ఒక ముఖం నిండినాక రెండోదానికి పోదు డిస్కు. కొంచెం ఇక్కడ, కొంచెం అక్కడ అని వంతులేసుకుంటూ రాస్తుంది. అందుకే పోయినోడి వంతు అంతటా పోయింది.

అన్నకు ఫోన్‌లో చెప్పినా: నాలుగింట మూడొంతులు రావచ్చు. పెద్ద వీడియోలు మధ్యమధ్యలో తెగుతాయి. డిజైన్ ఫైళ్లు చిన్నవి కాబట్టి ఒక్కోటి ఒకే పట్టీలో ఇమిడి ఉంటుంది. బతికింది నిండుగా బతుకుతుంది, పోయింది నిండుగా పోతుంది. వెనకాల నుంచి వదిన గొంతు: "పాప ఓణీల ఫంక్షన్ వీడియో అడుగు." దానికి నా దగ్గర మంచి జవాబు లేదు.

జూలై 17, బుధవారం

మొహర్రం. అంగడి మూసినా. పీర్లను చూసొచ్చి, సాయంత్రం ఒకసారి షట్టర్ లేపి డిస్కు వేడి చూసినా. ఫ్యాను పక్కకు జరిపి వచ్చినా.

జూలై 19, శుక్రవారం

మధ్యాహ్నం నుంచి ఫోన్లే ఫోన్లు. లోకమంతా నీలం తెర. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ అప్‌డేట్ ఒకటి తప్పుగా పంపిందంట, విమానాలు ఆగినాయి, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చినారు. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఆఫీసులో చేసేది లేక మధ్యాహ్నమే రైలెక్కినాడు. మన ఊరి వాళ్లందరికీ అది తమ కంప్యూటరుకే వస్తుందని భయం. మీ ఇంట్లో అది లేదప్పా, పెద్ద ఆఫీసుల్లో ఉంటుంది, అని చెప్పి చెప్పి నోరు నొచ్చింది.

ఈ గోలలోనే, డీడీరెస్క్యూ తీసిన కాపీ మీద ఫొటోరెక్ అనే ప్రోగ్రాము నడిపించినా. అసలు డిస్కుకు విశ్రాంతి. ఫైళ్ల పట్టీ ఎక్కువ భాగం ఎర్రపట్టీల్లోనే పడింది, కాబట్టి పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు, తేదీలు లేవు. ఫొటోరెక్ పేరును నమ్ముకోదు, ముఖం చూసి పట్టుకుంటుంది. బీఎంపీ బొమ్మయితే మొదటి రెండక్షరాలు బీ, ఎం. ఆ వెంటనే తన సైజెంతో తానే రాసుకొని ఉంటుంది. అట్లా వేల బొమ్మలు దొరికినాయి, అన్నిటికీ ఎఫ్ అక్షరం, పక్కన పొడుగాటి అంకె. ఏది కొంగో, ఏది వాళ్ల ఇంటి కరెంటు బిల్లు స్కానో తెలిస్తే ఒట్టు.

రాత్రి అన్నతో మాట్లాడుతుంటే దారి దొరికింది. "బొమ్మలో అడ్డంగా ఒక్కో చుక్క జాకార్డులో ఒక్కో హుక్కు కదప్పా" అన్నాడు. అంతే! బీఎంపీ తన వెడల్పు కూడా తలకాయలోనే రాసుకుంటుంది. 240 చుక్కల వెడల్పుంటే 240 హుక్కుల జాకార్డుకు గీసినట్టు, 480 ఉంటే 480కి. ఎత్తు ఎంతుంటే అన్ని అట్టలు. చిన్న స్క్రిప్టు రాసి వెడల్పు ప్రకారం ఫోల్డర్లు చేసినా. కరెంటు బిల్లులన్నీ ఒక మూలకు పోయినాయి. ఈ పని చేస్తుంటే నాకు కలిగిన సంతోషం ఎవరికి చెప్తే అర్థమవుతుంది?

జూలై 21, ఆదివారం. ధర్మవరం

శుక్రవారం పడిపోయిన మిషన్లు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ లెక్క. రైల్లో పేపర్ చూస్తూ పోయినా.

అన్న ఇంట్లో పడసాలలో కూర్చొని బొమ్మలు ఒక్కొక్కటే తిప్పినాము. ఆయనకు పేర్లు అక్కరలేదు. "ఇది కంచి పార్టీది. ఇది పాప పుట్టినప్పుడు. ఇది రంగు నచ్చక వెనక్కిచ్చినారు." పక్కింట్లో మగ్గం ఆడుతుంటే ఆ దెబ్బకు తగ్గట్టే వేలు నొక్కుతున్నాడు. చాలా దొరికినాయి. శ్రావణానికి కావలసినవి దాదాపు అన్నీ ఉన్నాయి, వాటిని ఆ పూటే అట్టలు కొట్టేచోటికి పంపినాడు. ఓణీల వీడియో మాత్రం ముక్కలైంది: పాప కూర్చుంటుంది, ఆ తర్వాత అందరూ భోజనాలు చేస్తుంటారు.

ఆ మగ్గం చప్పుడు వింటూ ఒక మాట అనుకున్నా. ఫ్రాన్స్‌లో జాకార్డ్ 1804లో అట్టలకు రంధ్రాలు కొట్టి నేతకు జ్ఞాపకం పెట్టినాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హోలరిత్ అట్లాంటి రంధ్రాల కార్డులే వాడినాడు. ఆయన కంపెనీ చేతులు మారి, ఇంకొన్నిటితో కలిసి ఐబీఎం అయింది, ఆ ఐబీఎం 1956లో మొదటి హార్డ్ డిస్కు చేసింది, యాభై పళ్లేలతో, బీరువా కన్నా పెద్దది. అంటే నా టేబుల్ మీద టిక్కుమనేదానికి ముత్తాత పక్కింట్లో ఇంకా పనిచేస్తున్నాడు.

సాయంత్రానికి తేలింది. ఒక కొంగు లేదు. లేపాక్షి లతా మంటపం స్తంభాలు చూసి గీసిన లత కొంగు. ఆ మంటపంలో స్తంభం స్తంభానికీ వేరే లత, చీర అంచులకు వాటిని చూసి గీసుకోవడం ఇక్కడ కొత్త కాదు. కానీ అన్న ఒకే స్తంభం ముందు రోజంతా కూర్చొని తీసిన లత అది. 480 వెడల్పు ఫోల్డరు మళ్లీ మొదటి నుంచి చూసినాము. లేదు. "అది నా పేరు నిలబెట్టిన చీరప్పా" అని మాత్రం అన్నాడు.

జూలై 24, బుధవారం. పెనుకొండ

పెనుకొండలో ఆ చీర నేసిన మామ ఒకాయన ఉన్నాడని పోయినాము. సోమందేపల్లి దాటినాక ఎర్రమంచి దగ్గర కియా కార్లు మోసుకుపోయే లారీల వరుస. అన్న దాన్ని చూడలేదు. విరూపణ్ణ గురించి చెప్తున్నాడు. అచ్యుతరాయల కాలంలో పెనుకొండ కోశాధికారి, లేపాక్షి గుడి కట్టించినోడు, ఖజానా సొమ్ము గుడికి పెట్టినాడన్న నింద పడితే కళ్లు తానే పెరుక్కున్నాడని కథ. కల్యాణ మంటపం అందుకే సగంలో ఆగిందంటారు. "సగంలో ఆగినా రాయి కాబట్టి ఉంది" అన్నాడు. నేను పలకలేదు.

మామ అటక మీద నుంచి అట్టల కట్టలు దించినాడు. తాళ్లతో వరుసగా కుట్టి, అంకెలేసి ఉన్నాయి. ఒక్కో అట్ట ఒక్కో పేక దెబ్బకు, రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. ఎండకు పట్టుకొని చూస్తే చాలు, వెనక్కి గ్రాఫులోకి ఎక్కించుకోవచ్చు. ఏ సాఫ్ట్‌వేరూ అక్కరలేదు. కొన్నిటికి చెదలు పట్టింది గానీ అంచు అట్టలు దొరికినాయి. ఫోన్‌తో వరసగా ఫొటోలు తీసినా. చెదలు తిన్నచోట కూడా అంచు మళ్లీ మళ్లీ వచ్చే డిజైనే కాబట్టి పూరించుకోవచ్చంట.

కొంగు అట్టలు మాత్రం అత్త పొయ్యి కిందికి పోయినాయి. "వానాకాలం, పుల్లలు తడిసినాయి, నీళ్లు కాగల్ల కదా నాయనా" అంది ఆమె. మామ ఆమె మీద అరవబోతే అన్నే ఆపినాడు. కాఫీ తాగుతూ మామ ఉన్నట్టుండి, "నీ లత యాడికీ పోలేదులేప్పా, ధర్మవరంలో మరమగ్గం మీద ఆడుతుండాది" అన్నాడు.

వచ్చేటప్పుడు బస్సులో అన్న ఏమీ మాట్లాడలేదు.

ఆగస్టు 2, శుక్రవారం. ధర్మవరం

ఆ మరమగ్గమాయన దగ్గరికి పోదామా వద్దా అని అన్న ఇన్నాళ్లూ నలిగినాడు. కోపం ఎందుకుండదు? జరీ అంచు పట్టుచీరలు చేనేతకే వదలాలని 1985లో చట్టమే చేసినారు. ఈ ఊరిలో ఆ చట్టం సంగతి అడిగితే చేమగ్గం వాళ్లు నవ్వుతారు. అన్న ఇన్నేళ్లు తిట్టిన తిట్లన్నీ ఈ మరమగ్గాల వాళ్లనే. ఇప్పుడు వాళ్ల గడప తొక్కాల.

ఆ మనిషి ఏమాత్రం బిడియపడలేదు. టీ తెప్పించినాడు. ఫైలు ఎవరి దగ్గరా కొట్టేయలేదంట, చీర డబ్బిచ్చి కొని, భూతద్దంతో పోగులు లెక్కబెట్టి గ్రాఫు తీసినాడంట. అది గర్వంగానే చెప్పినాడు, నిజం చెప్పాలంటే చిన్న పనేమీ కాదు. అతని జాకార్డుకు అట్టలు లేవు, పెన్ డ్రైవే. స్క్రీన్ మీద తెరిచి చూపించినాడు. లత! అన్న మెడ ముందుకు సాచి చూసినాడు. తర్వాత మొదటి మాట: "ఈడ రెండాకులు కోసినావే."

"దెబ్బలు తగ్గుతాయి కదన్నా, గంటకు ఎక్కువ గజాలు దిగుతాది."

"ఈ వంపు ఏమాయె?"

"వంకరుండింది, సరిచేసినా."

అన్న నా వైపు తిరిగినాడు. ఆ వంకర ఆయన తప్పు కాదంట. స్తంభం మీద రాయి చిట్లినచోట లత అట్లా తిరిగినట్టు కనబడుతుంది, కావాలనే అట్లాగే గీసినాడంట. మరమగ్గమాయన విని "ఓహో" అన్నాడు. ఫైలు ఇస్తాను, డబ్బులొద్దు, వచ్చే సంవత్సరం డిజైనొకటి నాకే గీసియ్యి, దొంగతనంగా కాదు, బిల్లు రాసి, అన్నాడు. అన్న ఇస్తానని గానీ ఇవ్వనని గానీ అనలేదు. నా పెన్ డ్రైవు తీసుకొని కాపీ చేయించినాడు.

ఆగస్టు 7, బుధవారం. హిందూపురం

జాతీయ చేనేత దినోత్సవం. ధర్మవరంలో మీటింగు ఉందంట, అన్న పోలేదు. పొద్దున్నే ఫోన్. తెగిపోయిన ఆకులు గుర్తున్నాయి, వేసేసినాడు. వంపు మాత్రం చేతికి రావడం లేదు. ఆదివారం లేపాక్షి పోదామంటున్నాడు, బండి నాదే తేవాలంట. స్తంభం ఏదో గుర్తుందంట గానీ చిట్లింది ఏ పక్కనో గుర్తులేదంట. ఫోన్లో చార్జింగు నిండుగా పెట్టుకొని రమ్మన్నాడు. ఎక్స్‌టర్నల్ డిస్కులు రెండడిగినాడు, ఒకటి పెనుకొండ మామ ఇంట్లో పెడతాడంట. అటక మీద పెట్టొద్దని మాత్రం చెప్పినా.