పుత్తుమలలో అంకెల సమాధులు

కేరళలోని మేప్పాడి దాటాక దారి పొడవునా తేయాకు తోటలే. పుత్తుమల శ్మశానం కూడా నిన్నమొన్నటి దాకా తోట భూమే. 2019 ఆగస్టు 8న ఇదే పుత్తుమలలో కొండ విరిగిపడి 17 మంది పోయారు, అందులో ఐదుగురి శవాలు ఇప్పటికీ దొరకలేదు. ఐదేళ్లు నిండకుండానే, 2024 జూలై 30 తెల్లవారుజామున, మళ్లీ కొండ విరిగిపడి దగ్గర్లోని ముండక్కై, చూరల్‌మల ఊళ్లు కొట్టుకుపోయాయి. ఎవరివో తెలియని శవాలను పూడ్చడానికి చోటు వెతికితే మళ్లీ పుత్తుమలే దొరికింది. హిందూ, ముస్లిం, క్రైస్తవ ప్రార్థనలు మూడూ చేసి పూడ్చారు. ఎవరిది ఏ మతమో తెలిస్తే కదా!

వరసగా మట్టి దిబ్బలు. తల దగ్గర రాయి, రాయి మీద ఒక అక్షరం, ఒక అంకె. కొన్నిటికి తర్వాత పేరు వచ్చి చేరింది. ఒకచోట ఫొటో పెట్టి, వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరు తొడిగి, అంచులకు టేపు వేశారు. టేపు కొత్తది. ఎవరో వచ్చి మారుస్తున్నారన్నమాట.

నాకు తోడొచ్చిన చేచ్చి (మలయాళంలో అక్క) ఆ రోజుల్లో మేప్పాడి ఆసుపత్రిలో బంధువుల పక్కన కూర్చున్న వలంటీరు. వచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టి అడిగేవారట: ఏ బట్టలు వేసుకున్నారు, ఉంగరం ఏ వేలికి, గోళ్లకు రంగుందా? పోలిక కుదిరిన చోటికే తీసుకెళ్లి, దుప్పటి మొత్తం ఎత్తకుండా చెయ్యో కాలో చూపించేవారు. గదిలో ఏం కనబడుతుందో గుమ్మం బయటే చెప్పేసేవారు.

"మొహం లేకపోతే లేదనే చెప్పేవాళ్లం. బాగానే ఉందని బుజ్జగించి తీసుకెళ్తే లోపల కూలబడిపోతారు" అందామె.

కళ్లతో చూసి గుర్తుపట్టడాన్ని నమ్మలేం. ఇంటర్‌పోల్ పద్ధతిలో వేలిముద్రలు, పళ్లు, డీఎన్‌ఏ, ఈ మూడే ప్రధాన ఆధారాలు. 2023 బాలాసోర్ రైలు ప్రమాదం తర్వాత ఒకే శవం మాదంటే మాదని ఒకటికి మించి కుటుంబాలు వచ్చాయి. సరే, డీఎన్‌ఏ పరీక్షకు రక్తం ఇచ్చేసి బయటికొచ్చిన తండ్రి తర్వాత ఎవర్ని అడగాలి? రోజుకో బల్ల దగ్గర, రోజుకో ఉద్యోగికి, పిల్ల పేరు, వయసు, పుట్టుమచ్చ మొదటి నుంచీ చెప్పుకోవాల్సి రావడం ఇంకో శిక్ష. ఒక్కో కుటుంబానికి ఒకే ఉద్యోగి, ఆ మనిషి ఫోన్ నంబరు ఉంటే సగం బాధ తగ్గుతుందని నా నమ్మకం.

చాలియార్ నది శవాలను మలప్పురం జిల్లా నిలంబూర్ వైపు ఈడ్చుకుపోయింది. ఒకే మనిషి శరీర భాగాలు వేర్వేరు చోట్ల దొరికి, వేర్వేరు గుంతల్లోకి వెళ్లాయి. కావాలంటే వాటిని ఒకచోటికి చేర్చుకోవచ్చని ఇంటివాళ్లకు అధికారులు చెప్పారు. కర్మకాండ అయిపోయాక, ఇంకో భాగం దొరికిందని మళ్లీ కబురొస్తే ఆ ఇల్లు ఏమవుతుంది? 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత న్యూయార్క్‌లో, ఇంకేదైనా దొరికితే చెప్పమంటారా వద్దా అని కుటుంబాలనే అడిగారు. ఈ మాట చెబితే చేచ్చి తలూపింది గానీ పూర్తిగా ఒప్పుకోలేదు. "ఆ వారంలో అడిగితే అందరూ చెప్పమనే అంటారు. ఆర్నెల్లాగి మళ్లీ అడగాలి."

ఏమీ దొరకనివాళ్ల సంగతి వేరు. కనబడకుండా పోయిన మనిషి చనిపోయినట్టు చట్టం అనుకోవడానికి మామూలుగా ఏడేళ్లు పట్టాలి. కేరళ ప్రభుత్వం అంతకాలం ఆగకుండా, 2025 జనవరిలో ఆచూకీ లేని 32 మందినీ మృతుల లెక్కలో చేర్చింది. వాళ్లతో కలిపి 298. 2025 జూన్ 30న మన పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులోనూ 8 మంది కార్మికుల ఆనవాళ్లు డీఎన్‌ఏ పరీక్షకు కూడా అందలేదు. మరణ సర్టిఫికెట్ లేకపోతే పరిహారం లేదు, బ్యాంకు పని జరగదు. కాబట్టి కేరళ చేసింది మంచి పనే.

చేచ్చికి తెలిసిన ఒకాయన ఆ సర్టిఫికెట్ తీసుకుని, బ్యాంకులో చూపించి, పని ముగించుకుని, సాయంత్రం ఆమెకు ఫోన్ చేసి డీఎన్‌ఏ రిపోర్టు వచ్చిందా అని అడిగాడట.

"రాలేదన్నాను. వచ్చే వారం మళ్లీ చేస్తానన్నాడు. చెయ్యమన్నాను."