మా రూముకి ఒక కీబోర్డు వచ్చింది

 

ల్యాప్‌టాప్ లేకుండా డిగ్రీ రిపోర్టులు ఎలా టైపు చేస్తున్నారని మన గ్రూపులో చాలామంది అడుగుతున్నారు. ఫోనులో బొటనవేళ్లతో నలభై పేజీలు కొట్టి కళ్లు మండిపోతున్నాయని ఒక తమ్ముడు రాశాడు. మేము ఒక ట్యాబుకి మామూలు కీబోర్డు తగిలించుకుని ఏడాది నుంచి పని నడుపుకుంటున్నాం. అది ఎలా చేశామో, ఎందుకు చేయాల్సి వచ్చిందో రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మేము అంటే హాస్టల్లో ఒకే రూములో ఉంటున్న నలుగురం. నలుగురిదీ సీతంపేట కొండల వైపే. ముగ్గురం సవరలం, ఒకడు జాతాపు. మా నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇంట్లో అమ్మానాన్నలు పోడు, జీడిమామిడి, అడ్డాకులు, కొండచీపుర్లు చూసుకుంటారు. "కంప్యూటరు కొనాలి" అంటే ఎంతవుతుందని కూడా అడగరు. మనం చెప్పే అంకె విని బాధపడతారని మనమే చెప్పం.

మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీసు ప్రాజెక్టు ఉంటుంది కదా. మేము మా ఊళ్ల గురించే చేశాం. పండగలు, పంటలు, నీళ్లు, ఎవరు ఏ పని చేస్తారు, ఇవన్నీ ఇంటింటికీ తిరిగి నోటు పుస్తకంలో రాసుకున్నాం. రిపోర్టు ఇంగ్లీషులో ఉండాలి, ఊరివాళ్లు చెప్పిన మాటలు మాత్రం తెలుగు లిపిలో ఉన్నవి ఉన్నట్టు పెట్టాలనుకున్నాం. టౌనులో ఒక టైపింగ్ షాపులో ఇచ్చాం. పేజీకి 30 రూపాయలు. ఒక్కొక్కరికి 42 పేజీలు, అంటే టైపింగుకే 1,260. బైండింగు వేరే.

వచ్చిన పుస్తకం చూస్తే మా ఊరు మాకే అర్థం కాలేదు. కందికొత్త పండగని "కంది, కొత్తిమీర పండగ" అని కొట్టారు. ఊరి పూజలు చేసే ఎజ్జోడు "యజమాని" అయిపోయాడు. రెండు ఊళ్ల పేర్లు కలిపి ఒకే ఊరు చేశారు. మార్చమని అడిగితే, "మీరు రాసిందే తప్పేమో అనుకుని సరిచేశాం బాబూ, ఇప్పుడు మారిస్తే మళ్లీ పేజీకి పది" అన్నారు. ఆయన మమ్మల్ని తక్కువ చేయాలని అనలేదు. ఆయనకి తెలిసిన మాటలు ఆయన కొట్టాడు, అంతే. కానీ వైవాలో మేడమ్ "ఈ యజమాని ఎవరు? మీ ఊళ్లో జమీందారీ ఉందా?" అని అడిగితే నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మార్కులు వచ్చాయి. కానీ ఆ రిపోర్టు ఇప్పటికీ కాలేజీ బీరువాలో ఉంది. రేపు ఎవరైనా తీసి చదివితే మా ఊళ్లో ఎజ్జోడు లేడు, యజమాని ఉన్నాడు.

ఆ రోజు రాత్రే రూములో మాట అనుకున్నాం, మన మాటలు మన వేళ్లతోనే పడాలని.

ల్యాప్‌టాప్ మా వల్ల కాదు. వేసవిలో జీడిపిక్కలు ఏరిన డబ్బులు, స్కాలర్‌షిప్పులో మిగిలింది కలిపి పాత ట్యాబు ఒకటి 4,800కి తీసుకున్నాం. పదంగుళాల తెర. వైరు ఉన్న మామూలు యూఎస్‌బీ కీబోర్డు 420. ఓటీజీ ముక్క 60. మొత్తం 5,280, తలా 1,320. మొదటి రిపోర్టు టైపింగుకి ఒక్కొక్కరం ఇచ్చినదానికి ఇంకో అరవై రూపాయలు కలిపితే సరిపోయింది.

ఇక పని సంగతి. కీబోర్డు వైరు చివర వెడల్పు ప్లగ్గు ఉంటుంది, ట్యాబుకి చిన్న రంధ్రం ఉంటుంది. మధ్యలో ఓటీజీ ముక్క కావాలి. కొనేటప్పుడు ట్యాబుది టైప్-సీ రంధ్రమా, పాత మైక్రో యూఎస్‌బీనా చూసుకుని దానికి సరిపడేదే అడగండి. "ఏదైనా కన్వర్టర్ ఇవ్వండి" అంటే పని చేయకపోవచ్చు. ఎందుకంటే మైక్రో యూఎస్‌బీ ప్లగ్గులో ఐదు పిన్నులుంటాయి. ఓటీజీ ముక్కలో నాలుగో పిన్నుని గ్రౌండుకి కలిపి ఉంచుతారు. అది చూసే ట్యాబు "ఇప్పుడు చార్జింగు తీసుకోవడం కాదు, నేనే కరెంటు ఇచ్చి ఈ పరికరాన్ని నడపాలి" అని తెలుసుకుంటుంది. మామూలు చార్జింగు వైరులో ఆ పిన్ను దేనికీ కలిసి ఉండదు. టైప్-సీలో ఇదే పని వేరే పిన్నులు చేస్తాయి. కొన్ని కంపెనీల ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఓటీజీ అని వేరే బటను ఉంటుంది, అది ఆన్ చేస్తేనే కీబోర్డు తగులుతుంది. కాసేపు వాడకపోతే దానంతట అదే ఆఫ్ అయిపోతుంది కూడా. కీబోర్డు పాడైపోయిందని కంగారు పడకుండా ముందు అది చూడండి.

తగిలించగానే ఏ యాప్ వేయక్కర్లేదు. నోట్సు తెరిచి కొడితే ఇంగ్లీషు అక్షరాలు పడిపోతాయి. మా వాడు మొదట కొట్టిన మాట వాళ్ల అమ్మ పేరు.

బ్లూటూత్ కీబోర్డు ఉన్నవాళ్లకి ఓటీజీ అక్కర్లేదు. కీబోర్డు ఆన్ చేసి, జత చేసే బటను లైటు మిణుకుమనేదాకా నొక్కి పట్టుకోండి. ట్యాబులో బ్లూటూత్ తెరిచి కొత్త పరికరం వెతికితే పేరు కనిపిస్తుంది. తెర మీద అంకెలు చూపిస్తే వాటిని కీబోర్డు మీదే కొట్టి ఎంటర్ నొక్కాలి, తెర మీద కాదు. మేము వైరుదే ఎందుకు తీసుకున్నామంటే ధర తక్కువ, సెల్లు మార్చే పని లేదు, ఇంకొకరి ట్యాబుకి గుచ్చితే వెంటనే నడుస్తుంది. నష్టం ఒకటుంది. ఉన్న ఒక్క రంధ్రంలో కీబోర్డు గుచ్చితే చార్జింగు పెట్టలేం. మా రూములో ప్లగ్గులు రెండే. అందుకని భోజనానికి వెళ్లేటప్పుడు ట్యాబు చార్జింగు, వచ్చాక టైపింగు. ఇది రూల్.

ఇప్పుడు అసలు చిక్కు, తెలుగు. కీబోర్డు గుచ్చగానే తెర మీది కీబోర్డు మాయమైపోతుంది. మన తెలుగు అక్షరాలు ఉన్నది అక్కడే కదా! మొదటి రోజు "ఏటిరా, ఇంగ్లీషు వచ్చింది, తెలుగు పోయింది" అని మా జాతాపు వాడు నవ్వాడు. దానికి దారి ఉంది. సెట్టింగ్స్‌లో భాషలు, ఇన్‌పుట్ దగ్గర ఫిజికల్ కీబోర్డు అని ఉంటుంది. అందులో తెర కీబోర్డు చూపించు అనే బటను ఆన్ చేయండి. అప్పుడు రెండూ ఉంటాయి. ఇంగ్లీషు వాక్యాలు చేతి కీబోర్డుతో, మధ్యలో వచ్చే తెలుగు మాటలు తెర మీద. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. మా ఊళ్లలో సిగ్నలు కోసం గట్టు ఎక్కాలి కాబట్టి మాకు ఇది ముఖ్యం.

పేజీలకు పేజీలు తెలుగు కొట్టాలంటే మాత్రం తెర సగం కప్పేసి విసుగొస్తుంది. అలాంటప్పుడు లేఖిని వాడుతున్నాం. బ్రౌజరులో తెరిస్తే రెండు పెట్టెలుంటాయి. ఒకదాంట్లో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే రెండోదాంట్లో తెలుగు వచ్చేస్తుంది. అయిపోయాక కంట్రోల్-ఏ, కంట్రోల్-సీ కొట్టి డాక్యుమెంటులో కంట్రోల్-వీతో అతికించడమే. ఆల్ట్-ట్యాబ్ నొక్కితే ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి వెళ్లొచ్చు, వేలు తెర మీద పెట్టక్కర్లేదు.

కాలేజీ ల్యాబులో కంప్యూటరు దొరికినవాళ్లు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. అది మన దేశ భాషలకి ప్రామాణికంగా పెట్టిన అమరిక, 1991 నాటి భారతీయ ప్రమాణంలో ఉంది. విండోస్‌లో తెలుగు భాష చేర్చుకుంటే చాలు. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువ కుడి చేతికి. కె కొడితే క, ఎల్ కొడితే త, హెచ్ కొడితే ప. డి అంటే పొల్లు. అమ్మ అని రాయాలంటే షిఫ్టు పట్టుకుని డి కొడితే అ, తర్వాత సి, డి, సి. సవర అని రాయడానికి మూడే మీటలు: ఎమ్, బి, జె. ఇది నేర్చుకున్న రోజు మా రూములో అందరం ఆ మూడు మీటలే పది నిమిషాలు కొట్టాం.

వేళ్లు ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్లకి ఒక మాట. ఎఫ్ మీద, జె మీద చిన్న గీత పైకి తేలి ఉంటుంది, తడిమి చూడండి. రెండు చూపుడు వేళ్లు అక్కడ పెట్టుకుంటే చూడకుండా కొట్టడం మొదలవుతుంది. రోజుకి పావుగంట చాలు. ఇది రిపోర్టుల కోసమే కాదు. ఎస్ఎస్‌సీ వాళ్ల సీహెచ్‌ఎస్‌ఎల్‌లో క్లర్కు పోస్టులకి టైపింగు పరీక్ష ఉంటుంది, ఇంగ్లీషులో అయితే నిమిషానికి 35 మాటలు. ఫోను మీద బొటనవేళ్ల వేగం అక్కడ పనికిరాదు. పుస్తకం చదివి రాత పరీక్ష గట్టెక్కి, కీబోర్డు దగ్గర ఆగిపోకూడదు కదా.

మూడో ఏడాది ఇంటర్న్‌షిప్పు రిపోర్టులు మేమే కొట్టుకున్నాం. వంతులు వేసుకుని, ఒకడు చదివితే ఒకడు కొట్టడం. ఆ పని మీద కూర్చున్నప్పుడే ఇంకో సంగతి ఎదురైంది. సవరలో గొంతు దగ్గర గాలిని టక్కున ఆపి పలికే శబ్దం ఉంది. తెలుగులో దానికి అక్షరం లేదు. ఇంట్లో నోటితో అంటున్నన్నాళ్లూ ఆ లోటు మాకు తెలియలేదు, టైపు చేయబోతేనే తెలిసింది. ఇప్పటికి మేము ఆ చోట ఎంటర్ పక్కనుండే పై కామా పెడుతున్నాం.

మనకంటే ముందు దీనితో తల పట్టుకున్నవాళ్లు ఉన్నారని తర్వాత చదువుకున్నాం. గిడుగు రామమూర్తి పంతులుగారు అంటే స్కూల్లో మనకి వాడుక భాష అనే చెప్పారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆయన మన సవర నేర్చుకుని, మన భాష మీద పుస్తకం 1931లో, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చు వేయించారు. అదే కాలంలో, 1936లో, ఒడిశా వైపు మన సవర పెద్ద మంగేయి గమాంగో సొరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారు చేశారు. ఆ లిపి 2012లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. అంటే కంప్యూటర్లో మన అక్షరాలకి చోటు ఉంది. ఆ చోట్లో రాసేవాళ్లు తక్కువ, అంతే.

మేము తెలుగు లిపిలోనే చదువుకున్నాం, కాబట్టి ప్రస్తుతానికి అందులోనే రాస్తున్నాం. సంక్రాంతి సెలవులకి ట్యాబు, కీబోర్డు సంచిలో పెట్టుకుని ఊరు తీసుకెళ్లాం. మా తాత పక్కన కూర్చుని చెట్ల పేర్లు, గింజల పేర్లు చెబుతుంటే కొట్టుకుంటూ పోయాం. ఆయనకి చదువు రాదు. కొట్టినదాన్ని మళ్లీ చదివి వినిపిస్తే, "అలాగ కాదు, నువ్వు తెలుగోడిలాగ అంటున్నావు" అని నాలుగైదు మాటలు తిప్పి చెప్పించారు. మా మాట ఎలా రాయాలో మా ఊళ్లో ఒకరు సరిచేయడం అదే మొదటిసారి. ఆ సెలవుల్లో 212 మాటలయ్యాయి. కందికొత్త ఉంది, ఎజ్జోడు ఉన్నాడు.

ఇప్పుడు మా జూనియర్లు ముగ్గురు ఇదే కీబోర్డు మీద నేర్చుకుంటున్నారు. ఎస్ మీట మీద అక్షరం అరిగిపోతే పెన్నుతో రాసుకున్నాం. ఎవరికైనా ఓటీజీ తగలకపోయినా, తెలుగు రాకపోయినా, ట్యాబు ఏ రకమో, రంధ్రం ఏదో రాసి అడగండి, తెలిసినంత చెబుతాం. కోయ, గోండి, కువి, కొండదొర, గదబ, ఏ భాషవాళ్లయినా సరే, మీ ఇంట్లో మాత్రమే వాడే పది మాటలు ఈ వారం మీ చేత్తో టైపు చేసి పెట్టుకోండి. ఎలా రాయాలో అనుమానం వస్తే షాపుకి వెళ్లొద్దు, మీ అవ్వ దగ్గరికి వెళ్లండి.

జై ఆదివాసీ.