తెల్లగుండ

వైశాఖం వచ్చిందంటే ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో తెలుగు ఇళ్ళ జాడీలు ఎండకెక్కుతాయి. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుండి కొలువుకై వచ్చిన కుటుంబాలు ఊరగాయను కూడ వెంట తెచ్చుకొన్నవి. అయితే ఇక్కడి ఎండను నమ్మరాదు. మధ్యాహ్నం నిప్పులు చెరిగిన ఆకాశమే సాయంకాలానికి కాలవైశాఖి గాలివానై విరుచుకుపడుతుంది.

అటువంటి ఒక ఇంట, పచ్చడి చెడడమన్నది ఎరుగని ఇల్లాలికి, ఒక ఏడు వానలు దిగేసరికి టమాటా పచ్చడి బూజు పట్టింది. తప్పు ఆమె చేతిది కాదు. కర్మాగారంలో పనిచేసి విరమించిన భర్తకు రక్తపుపోటు; వైద్యుడు ఉప్పు తగ్గించమన్నాడు. ఆమె జాడీలోనూ సగం తగ్గించింది. ఉప్పు రుచి మాత్రమే కాదు గదా! పచ్చడిలోని నీటిని తాను పట్టి ఉంచి సూక్ష్మజీవులకు దక్కనీయని కావలివాడు కూడ అదే.

మరుసటి చలికాలం గోల్‌బజారు టమాటాలతోపాటు కోడలు సోడియం బెంజొయేట్ పొట్లం తెచ్చింది.

“ఏటమ్మా ఆ తెల్లగుండ? మీ మావకి కూట్లో మందు కలుపుతావేటి?” అన్నది అత్త.

ఆ శంకను తోసివేయరాదు. ఐతే ఈ గుండకు మూలమైన బెంజోయిక్ ఆమ్లం మనకు కొత్తది కాదు. 16వ శతాబ్దంలో దానిని మొదట రాబట్టినది సాంబ్రాణినుండే! నేడు కర్మాగారాలలో టోలీన్‌నుండి తయారుచేస్తున్నారు. ఆమ్లం నీటిలో కరగడం కష్టం. దాని సోడియం లవణం సులభంగా కరుగుతుంది. పులుపు తగిలినప్పుడు అది మరల ఆమ్లంగా మారి, బూజు, ఈస్టు కణాలలోనికి చొరబడి, వాటి పెరుగుదలను అరికడుతుంది. కనుకనే చింతపండు, టమాటా, నిమ్మ ఉన్నచోట పనిచేస్తుంది. పులుపు లేని పప్పులో, పాలలో వేసినా వ్యర్థమే. ఇదివరకే పట్టిన బూజును అది బాగుచేయలేదు. తడి గరిటె పెట్టేవారినుండి కాపాడనూ లేదు.

మన శరీరం దీనిని గ్లైసిన్‌తో కలిపి హిప్పూరిక్ ఆమ్లంగా మార్చి మూత్రంలో విసర్జిస్తుంది. అయినా మితం తప్పదు. ఊరగాయలలో బెంజోయిక్ ఆమ్లం కిలోకు 250 మిల్లీగ్రాములు మించరాదన్నది మన దేశపు నిబంధన. సోడియం అన్న పేరు చూసి రక్తపుపోటువారు బెదరనక్కరలేదు. ఆ కొలతలో చేరే సోడియం కిలో పచ్చడికి 50 మిల్లీగ్రాములైనా ఉండదు.

చిక్కంతా కొలతలోనే. చిటికెడన్నది ఒక్కొక్కరి వ్రేళ్ళకు ఒక్కొక్క తూకం. కోడలు ఒక గ్రాము పొట్లం తూయించి, కాచి చల్లార్చిన నీరు నాలుగు చెంచాలలో కరిగించి, కిలోకు ఒక చెంచా చొప్పున కలిపింది. అత్త ప్రక్కనే నిలిచి ప్రతి చెంచానూ లెక్కపెట్టింది.

ఆషాఢపు ముసురులో జాడీ మూత తీశారు. బూజు లేదు. అత్త ముందుగా తాను రుచి చూచి, పిమ్మటనే భర్త విస్తరిలో వడ్డించింది. ఆయన రెండు ముద్దలు తిని, ఉప్పు చాలలేదన్నాడు.