డిసెంబరు నీళ్ళు

సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన సంపాదక మిత్రుడు నెల రోజులుగా నా వెంట పడుతున్నాడు. కవిత్వం నాకు రాదు. పోనీ కథ వ్రాద్దామా అంటే ప్రేమ కథలు ఇప్పటికే కావలసినన్ని వచ్చి పడ్డాయన్నాడు. "ఆ పడవ సంగతి వ్రాయరాదూ?" అన్నాడు చివరకు. ఆ సంగతి నలుగురికీ నవ్వులాటగానే తెలుసు. నేను చెరువులో పడడం, ఎవరివో ప్యాంటు చొక్కా తొడుక్కొని క్లాసుకు రావడం వరకే మిత్రులకు తెలుసు. తరువాతి కథ ఎవరికీ చెప్పలేదు. మా తాతను అడిగి, ఆయన సరేనన్నాకనే ఇది వ్రాస్తున్నాను.

మాది ఎల్.బి. నగర్. అక్కడినుండి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఉన్న రోడ్డు మీద మనిషికి కావలసినవన్నీ దొరుకుతాయి. పోటీ పరీక్షల కోచింగు, చీరలు, చెప్పులు, సెకండ్‌హ్యాండు పుస్తకాలు, సాయంత్రమైతే మిర్చి బజ్జీలు. 2018 సెప్టెంబరు నుండి నెత్తి మీద మెట్రో రైలు కూడా నడుస్తోంది. దొరకనిది ఒక్క పడవే. అదీ ఒకసారి మా వైపు వచ్చింది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలన్నీ మునిగినప్పుడు, స్కూటర్లు తిరిగే వీధుల్లో పడవలు తిరిగాయి. కొత్త వింత చూసినట్టు నేను నోరు తెరుచుకొని చూస్తూ నిలబడ్డాను. పక్కనే ఉన్న మా తాత మాత్రం మొగం తిప్పుకొని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆయన ఎందుకట్లా వెళ్ళాడో అప్పుడు నాకు తోచలేదు.

పడవ మీద నాకు మోజు పుట్టింది ఆ రోజే. డిగ్రీలో చేరాక హుస్సేన్‌సాగర్‌లో కయాకింగు నేర్పుతున్నారని ఒక మిత్రుడు చెప్పగానే పేరు ఇచ్చేశాను. ఇంట్లో చెప్పలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో తెల్లవారుజామున స్పెషల్ క్లాసు ఉందని అబద్ధమాడాను. దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసు అంటే ఎవరికైనా అనుమానం వస్తుందా?

కయాకు, కెనూ రెండూ ఒకటేనని చాలామంది అనుకొంటారు. కాదు. కయాకులో కాళ్ళు ముందుకు చాపి కూర్చోవాలి. తెడ్డుకు రెండు వైపులా ఆకులుంటాయి, ఎడమా కుడీ మార్చి మార్చి వేయాలి. పందెపు కెనూలో ఒక మోకాలి మీద నిలిచి, ఒకే ఆకు ఉన్న తెడ్డుతో ఒకే పక్కన లాగాలి. కయాకు ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలది. కర్రతోనూ ఎముకతోనూ చట్రం కట్టి, దాని మీద సీలు జంతువు తోలు బిగించి, అందులో మంచునీళ్ళ మీద వేటకు పోయేవారు. 1936 బెర్లిన్ ఒలింపిక్సులో ఇవి పందెపు ఆటలయ్యాయి. మనవాళ్ళు అర్జున్ సింగ్, సునీల్ సింగ్ 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇద్దరు నడిపే కెనూ వెయ్యి మీటర్ల పందెంలో కంచు పతకం తెచ్చారు. అదే ఏడు పారా ఆసియా క్రీడల్లో ప్రాచీ యాదవ్ కయాకులో బంగారు పతకం గెలిచింది.

ఒక్కరు నడిపే పందెపు కయాకు అయిదు మీటర్ల పైచిలుకు పొడవు. బరువు పన్నెండు కిలోలకు తగ్గకూడదని నియమం. అంటే మా ఇంటి బియ్యం బస్తాలో సగం బరువు కూడా లేని పడవ! వెడల్పు మరీ తక్కువ. అందులో కూర్చొని తుమ్మినా పక్కకు ఒరుగుతుంది. మొదటి వారమంతా నేను పడవలో ఉన్న సమయం కంటే నీళ్ళలో ఉన్న సమయమే ఎక్కువ.

హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల వారికి వానాకాలమే పండుగ. జూలైలో గాలి బాగా వీస్తుంది, వాళ్ళ పందేలు అప్పుడే జరుగుతాయి. గాలి పడిపోయి, చలి మొదలయ్యాక వాళ్ళు సర్దుకొంటారు. కయాకుకు అందుకు వ్యతిరేకం. అలలు లేని నీళ్ళు కావాలి. డిసెంబరు తెల్లవారుజామున, ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు ఆ చెరువు నూనె పోసినట్టు నిశ్చలంగా ఉంటుంది. పొగమంచు నీళ్ళ మీదే పాకుతుంటుంది. 1990లో నీళ్ళలో మునిగి, 1992లో మళ్ళీ లేచి నిలబడిన బుద్ధుడు ఆ మంచులో సగమే కనిపిస్తాడు. తెడ్డు చివరనుండి కారే చుక్కలు మోచేతిలోకి దిగి, అక్కడినుండి చంకలోకి పోతాయి. వేళ్ళు కొంకర్లు పోతాయి. అయినా ఆ అరగంట ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

ఇక అసలు సంగతి. డిసెంబరు ఆఖరు వారం. శిక్షణ ముగియబోతోంది, నలుగురైదుగురమే మిగిలాం. ఆ రోజు అందరికంటే ముందు చేరుకొన్నాను. సేఫ్టీ బోటు బయలుదేరేదాకా ఎవరూ నీళ్ళలోకి దిగరాదని నియమం. లైఫ్ జాకెట్టు బకిల్సు మూడూ బిగించాలని ఇంకో నియమం. రెండూ నేను పాటించలేదు. జాకెట్టు చేతులకు అడ్డం వస్తోందని ఊరికే తగిలించుకొన్నాను. ఇందులో తప్పంతా నాదే. నేర్పినవాళ్ళు రోజూ చెప్తూనే ఉన్నారు.

చలికాలానికి గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా తేలి వస్తుంటుంది. మంచులో నాకు కనపడలేదు. ఎడమవైపు వేసిన తెడ్డు అందులో చిక్కుకొంది. లాగాను. తెడ్డు రాలేదు, నేనే దాని వైపు పోయాను. పడవ తిరగబడింది.

అంతకుముందు ఎన్నోసార్లు పడ్డాను గాని అవన్నీ ఎండలో, ఒడ్డు దగ్గర. ఈసారి నీళ్ళు తగలగానే ఊపిరి నా ప్రమేయం లేకుండా లోపలికి గుంజుకొంది. ఆ గుంజుడుకు నీళ్ళు కూడా లోపలికి పోయాయి. జాకెట్టు పైకి జారి గడ్డం కిందికి వచ్చి నన్నే నొక్కుతోంది. బకిల్ పెట్టుకొందామంటే వేళ్ళు మాట వినలేదు. ఒడ్డు దగ్గరగానే ఉన్నట్టు కనిపించింది. ఈత వచ్చు గదా అని పడవను వదిలేసి ఈదడం మొదలుపెట్టాను. యాభై బారలు వేశానో లేదో, చేతులు నావి కానట్టయిపోయాయి. ఒడ్డు అంతే దూరంలో ఉంది. సేఫ్టీ బోటు వచ్చి, ఒకతను కాలరు పట్టి గుంజేసరికి నాకు ఏడుపు కూడా రావడం లేదు. తడిబట్టలు విప్పించి, దుప్పటి కప్పి, పంచదార దండిగా వేసిన చాయ్ తాగించారు.

సాయంత్రం ఇంటికి పోయాను. తాత అరుగు మీద కూర్చొని ఉన్నాడు. నా చేతిలోని తడి సంచి వాసన చూశాడు.

"ఏ చెరువుల పడ్డవ్ రా?" అన్నాడు.

అబద్ధమాడడానికి నోరు రాలేదు. అంతా చెప్పాను. తిడతాడనుకొన్నాను. తిట్టలేదు. చాలాసేపు ఊరకుండి, "పడవను ఇడిసిపెట్టి ఒడ్డుకు ఈదినవా?" అని మాత్రం అడిగాడు.

"అవును తాతా."

"మావోడు గూడ గట్లనే చేసిండు."

ఆ రాత్రి మొదటిసారి నాకు ఆ కథ చెప్పాడు. మా పూర్వుల ఊరు కొల్లాపూరు వైపు కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు కింద వందకు పైగా ఊళ్ళు మునిగాయి, అందులో మాదొకటి. 1981లో ఊరు ఖాళీ చేసి మా వాళ్ళు పట్నం బాట పట్టారు. తాత ఇక్కడ మట్టిపని చేశాడు, తరువాత కొత్తపేట పండ్ల మార్కెట్టులో, ఆ మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయేదాకా హమాలీగా బతికాడు. ఇది నాకు తెలిసినదే. అంతకుముందు ఆయన పుట్టి నడిపేవాడని మాత్రం తెలియదు.

పుట్టి అంటే వెదురుతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. పూర్వం అడుగున తోలు కప్పేవారు. ముందు వైపు కూర్చొని ఒకే తెడ్డుతో నీళ్ళను తన వైపు లాక్కోవాలి. లాగడం తెలియకపోతే ఉన్నచోటనే గిరగిరా తిరుగుతుంది. తాత, ఆయన తమ్ముడు ఒక చలికాలం రాత్రంతా వలలు వేసి తెల్లవారుజామున తిరిగి వస్తున్నారు. మంచులో బండరాయి తగిలి పుట్టి బోర్లపడింది. తాత పుట్టి అంచు పట్టుకొని వేలాడాడు. తమ్ముడు, ఊళ్ళో అందరికంటే మంచి ఈతగాడు, "ఒడ్డు గీడనే ఉన్నది" అని గొంగడితోనే ఈదుకుంటూ పోయాడు. పోయినవాడు పోయినట్టే.

"నేను బుట్టను ఇడువలె. పాణం తీపి. తమ్ముని ఎంబడి పోకపోతి," అన్నాడు తాత. అన్ని ఏండ్లుగా ఆ మాటను ఆయన ఎవరితోనూ అనలేదు. మా నాయనకు కూడా తెలియదు.

ఏం చెప్పాలో తోచక పడుకొన్నాను. మరునాడు లైబ్రరీకి పోయి, చల్లని నీళ్ళలో పడ్డ మనిషికి ఏమవుతుందో చదివాను. గాలి కంటే నీరు శరీరపు వేడిని దాదాపు ఇరవై అయిదు రెట్లు తొందరగా లాగేస్తుంది. మొదటి నిమిషంలో ఊపిరి తప్పుతుంది. తరువాత పది నిమిషాల్లో చేతులకూ కాళ్ళకూ సత్తువ పోతుంది. మంచునీళ్ళలోనైనా శరీరం లోపలి వేడి ప్రమాదకరంగా పడిపోవడానికి అరగంటో, అంతకంటే ఎక్కువో పడుతుంది. అంటే చల్లని నీళ్ళలో చాలామంది గడ్డకట్టి చావరు. అంతకు ముందే చేతులు ఆడక మునిగిపోతారు. మంచి ఈతగాడైనా అంతే. అందుకే తేలేది ఏది దొరికితే అది పట్టుకోవాలి, పడవను విడువరాదు అని మొదటి పాఠం. మన నీళ్ళు కెనడా నీళ్ళంత చల్లగా ఉండవు, నిజమే. కాని రాత్రంతా తడిసి, వణికి, అలసిన మనిషికి, తడిసి బరువెక్కిన గొంగడి మీద ఉన్నవాడికి, మన కృష్ణమ్మ చాలు.

ఆ సాయంత్రం ఇదంతా తాతకు చెప్పాను. పరీక్షలో వ్రాసినట్టు వరుసగా చెప్పాను, ఇంకెట్లా చెప్పాలో నాకు తెలియదు.

"అంటే ఈత రాక పోలేదంటవ్?"

"కాదు తాతా. చేతులు పడిపోయినయ్. నావి పడిపోలేదా? నన్ను పట్టుకొనేటోళ్ళు ఉన్నరు, చిన్నతాతకు లేరు."

"నేను ఎంబడి పోయుంటే?"

"ఇద్దరు పోయేటోళ్ళు. నాయన లేడు, నేను లేను."

తాత తలగుడ్డ తీసి మొగం తుడుచుకొన్నాడు. మాట్లాడలేదు. లోపలినుండి అమ్మ అన్నానికి పిలిచింది. లేచి పోయి, రోజూ కంటే ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు. నా మాట ఆయన బరువు దించిందో లేదో నాకు తెలియదు. నలభై ఏండ్ల బరువు ఒక్క సాయంత్రంలో దిగేది కాదు.

సంక్రాంతి సెలవుల్లో ఒక తెల్లవారుజామున ఆయనే నన్ను లేపాడు. "నడువు, నీ పడవ ఎట్లుంటదో సూస్త," అన్నాడు. ఇద్దరం మొదటి బస్సులో పోయాము. కయాకును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పడవనా, పొట్లకాయనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నీళ్ళలోకి దిగబోతుంటే దగ్గరికి పిలిచి, నా జాకెట్టు బకిల్సు మూడూ తానే బిగించి, గుంజి చూశాడు. ఊపిరాడనంత గట్టిగా బిగించాడు. నేను వదులు చేసుకోలేదు.

నేను తిరిగి వచ్చేదాకా ఆయన ఒడ్డు మీద నిలబడే ఉన్నాడు, కూర్చోలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో, "ఎండకాలం నీళ్ళు ఎనుకకు పోయినంక మన ఊరి గోడలు బయటపడ్తయట. ఒకపారి పోయొద్దమా?" అన్నాడు. పోదామన్నాను.

చివరగా విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. మన కాలేజీలో క్రికెట్టు కిట్లున్నాయి, కబడ్డీ కోర్టు ఉంది. ఇన్ని చెరువుల నగరంలో ఉండి మనలో ఎంతమందికి ఈత వచ్చు? పడవలు కొనమని అడగడం లేదు. ఏడాదికి ఒకసారి పది రోజులు ఈత నేర్పించండి, నీళ్ళలో పడితే ఏం చేయాలో చెప్పించండి. 2020 వానలు మళ్ళీ రావని ఎవరూ హామీ ఇవ్వలేరు గదా. ఇక మిత్రులారా, మీలో ఎవరైనా చలికాలం పడవ ఎక్కితే బకిల్సు మూడూ బిగించండి. నమ్మకం లేకపోతే మా తాతను పిలవండి, ఆయన వచ్చి బిగిస్తాడు.