పాదమునకు తగిన పాదరక్ష

మానవదేహమునందు మిక్కిలి బరువును మోయునవి పాదములు. మిక్కిలి తక్కువ ఆదరమును పొందునవియు పాదములే. దినమునకు పలుమారులు అద్దమున ముఖమును చూచుకొనువారు సైతము, ముల్లు గ్రుచ్చుకొనిననాడు తప్ప పాదమువంక చూడరు. కాని నిర్మాణ వైచిత్ర్యమున పాదము ఏ యంత్రమునకును తీసిపోదు. ఒక్కొక్క పాదమున 26 ఎముకలును, 33 కీళ్ళును కలవు. మనుష్యుడు పరుగెత్తునపుడు పాదము నేలను తాకిన ప్రతిసారియు దేహపు బరువునకు రెండు మూడు రెట్లు ఒత్తిడిని అది సహింపవలసి యుండును.

ఇద్దఱి ముఖములు ఒక్క తీరున ఉండనట్లే, ఇద్దఱి పాదములును ఒక్క తీరున ఉండవు. అంతయేల? ఒక్కని రెండు పాదములే తఱచుగా సమానముగా ఉండవు. కొందఱి పాదము పొడవై సన్నగా నుండును. కొందఱిది పొట్టియై వెడల్పుగా నుండును. కొందఱి అరికాలు నేలకు పూర్తిగా అంటుకొనును. మఱికొందఱి అరికాలు వంతెనవలె పైకి వంగి యుండును. ఒకరికి బొటనవ్రేలు పొడవు; ఇంకొకరికి దాని ప్రక్క వ్రేలు పొడవు. ప్రకృతి కల్పించిన ఈ వైవిధ్యమునకు లెక్క లేదు.

పూర్వము పాదరక్షలు కుట్టువాడు ఈ సంగతిని చక్కగా ఎఱిగినవాడు. అతని యొద్దకు పోయిన వ్యక్తి కాగితముపై పాదము మోపి నిలుచుండెడివాడు. పనివాడు పాదము చుట్టును గీత గీసి, నడుమ దారముతో చుట్టుకొలత తీసికొనెడివాడు. ఎవరి చెప్పులు వారికొఱకే తయారగుచుండెను. చెప్పు కఱచినచో మఱునాడు తిరిగి వచ్చి చూపింపవచ్చును. పనివాడు తోలును తడిపి, సాగదీసి, సరిచేసి ఇచ్చెడివాడు.

యంత్రములు వచ్చిన పిమ్మట ఈ పద్ధతి మారినది. కర్మాగారమునందు బూటును తయారు చేయుటకు ముందుగా పాదము ఆకారమున ఒక అచ్చును సిద్ధము చేయుదురు. మొదట దీనిని కొయ్యతో చెక్కెడివారు; నేడు ప్లాస్టిక్కుతో చేయుచున్నారు. ఆ అచ్చుపైననే బూటు రూపొందును. ఒక్క అచ్చుమీద వేలకొలది జతలు తయారగుటచేత వెల తగ్గినది. పాదరక్షలు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినవి. ఇది గొప్ప మేలు. కాని ఆ అచ్చు ఎవరి పాదమును పోలియుండవలెను? సాధారణముగా ఎక్కువమందికి సరిపడు కొలతనే ఎన్నుకొందురు. ఇంగ్లీషు పద్ధతిలో ఒక సంఖ్యకును తరువాతి సంఖ్యకును గల భేదము అంగుళమున మూడవవంతు మాత్రమే. ఆ సంఖ్య పొడవును తెలుపునే గాని వెడల్పును తెలుపదు. వెడల్పును కూడ లెక్కించి అనేక రకములుగా బూట్లను చేయు సంస్థలు కలవు గాని, మన ఊళ్ళలోని దుకాణములలో అవి లభించుట అరుదు. అందుచే వెడల్పయిన పాదము గలవాడు పొడవు ఎక్కువైన బూటును కొనును. అప్పుడు వ్రేళ్ళకు చోటు దొరకును. కాని మడమ జారిపోవును. ఒక బాధను తప్పించుకొనబోయి వేఱొక బాధను కొనితెచ్చుకొన్నట్లగును.

నడచువాడు ఈ బాధను ఎట్లో ఓర్చుకొనవచ్చును. క్రీడాకారుని విషయము అట్టిది కాదు. పరుగెత్తుకొలది పాదము వేడెక్కి కొంచెము ఉబ్బును. ప్రతి అడుగునను ముందునకు జరుగును. బూటు ఇఱుకైనచో వ్రేళ్ళు ఒరసికొని బొబ్బలు లేచును, గోళ్ళు నల్లబడును, ఆనెకాయలు ఏర్పడును. వదులైనచో పాదము లోపల కదలి చీలమండ మడతపడు ప్రమాదము కలదు. ఇక బాధను తప్పించుకొనుటకై అడుగును ఒక ప్రక్కకు వంచి వేయువానికి మోకాలును, నడుమును నొప్పిపెట్టును.

1960వ సంవత్సరమున రోము నగరమునందు ఒలింపిక్ క్రీడలు జరిగెను. ఇథియోపియా దేశపు చక్రవర్తి అంగరక్షక దళమున సైనికుడైన అబెబె బికిలా మారథాన్ పరుగున పాల్గొనుటకు అచ్చటికి వచ్చెను. రోమునందు అతనికి దొరకిన బూట్లు పాదములకు సరిపడలేదు. అతడు స్వదేశమున పాదరక్షలు లేకయే పరుగెత్తుట అభ్యసించినవాడు. కావున సరిపడని బూట్లను తొడుగుటకంటె ఏమియు తొడుగకుండుటయే మేలని నిశ్చయించుకొని, వట్టికాళ్ళతో పరుగు ప్రారంభించెను. చీకటి పడిన పిమ్మట, దివిటీల వెలుగులో, 42 కిలోమీటర్లకు పైబడిన దూరమును 2 గంటల 15 నిమిషముల 16 సెకండ్లలో ముగించి స్వర్ణపతకమును గెలుచుకొనెను. 1964లో టోక్యో నగరమున అతడు బూట్లు తొడిగి పరుగెత్తి రెండవమారు కూడ గెలిచెను. అప్పటి కాలము 2 గంటల 12 నిమిషముల 11 సెకండ్లు.

ఈ కథను విని పాదరక్షలు అనవసరమని కొందఱు భావించుచుందురు. అది సరికాదు. బికిలా బూట్లను ద్వేషించినవాడు కాడు. సరిపడని బూట్లను విడిచినవాడు. సరిపడినవి దొరకినపుడు సంతోషముగా తొడుగుకొనెను. అంతేకాక, బూటును విడిచి గెలుచు అవకాశము అన్ని పోటీలయందును లేదు. ఈ సత్యమును మన దేశపు క్రీడాకారిణి స్వప్నా బర్మన్ జీవితము చక్కగా తెలుపుచున్నది.

స్వప్నా బర్మన్ 1996లో పశ్చిమ బెంగాలునందలి జల్‌పాయ్‌గుడి ప్రాంతమున నిరుపేద కుటుంబమున జన్మించెను. తండ్రి రిక్షా లాగి కుటుంబమును పోషించుచుండెను. తల్లి తేయాకు తోటలో పనిచేసెను. కొంతకాలమునకు తండ్రి పక్షవాతముచే మంచము పట్టెను. స్వప్నకు పుట్టుకతోనే ఒక్కొక్క పాదమున ఆఱేసి వ్రేళ్ళు కలవు. ఇంటియందు అది ఒక విశేషము మాత్రమే. కాని ఆమె క్రీడారంగమున ప్రవేశించిన నాటినుండి ఆ రెండు అధికపు వ్రేళ్ళు పెద్ద సమస్యయై నిలిచెను. అయిదు వ్రేళ్ళ కొఱకు చేసిన బూటున ఆఱు వ్రేళ్ళు ఇఱుకుకొనవలసి వచ్చెను.

ఆమె ఎన్నుకొనిన పోటీ హెప్టాథ్లాన్. అనగా రెండు దినములలో ఏడు పోటీలు. 100 మీటర్ల అడ్డంకుల పరుగు, ఎత్తు దూకుట, గుండు విసరుట, 200 మీటర్ల పరుగు, దూరము దూకుట, ఈటె విసరుట, 800 మీటర్ల పరుగు. ఈ పోటీలన్నిటికిని ఒకే రకపు బూటు పనికిరాదు. వేగముగా పరుగెత్తు బూటునకు ముందుభాగమున మేకులుండును. ఎత్తు దూకుటకును, ఈటె విసరుటకును తొడుగు బూట్లకు మడమ క్రిందను మేకులుండవలెను. గుండు విసరువారి బూటు అడుగు నునుపుగా నుండవలెను. పరుగుబూట్లు పాదమును గట్టిగా పట్టియుండుటకై ముందువైపున మిక్కిలి సన్నగా చేయబడును. సామాన్యునకు ఒక జత సరిపడకపోయిన ఒక బాధ. స్వప్నకు పోటీకొక బాధ. దూకి నేలపై దిగినపుడెల్ల వెడల్పయిన ఆ పాదములు నొప్పిపెట్టెడివి. బూట్లు త్వరగా పాడైపోయెడివి. క్రొత్తవి కొనుటకు ధనము లేదు. ధనము సమకూడినను తగినవి దుకాణమున లేవు.

2018వ సంవత్సరము ఆగస్టు నెలలో ఇండొనేషియా రాజధానియైన జకార్తాలో ఆసియా క్రీడలు జరిగెను. పోటీ సమయమున స్వప్నను తీవ్రమైన పంటినొప్పి బాధించుచుండెను. చెంపకు పట్టీ అంటించుకొని ఆమె మైదానమున దిగెను. ఎత్తు దూకుటయందు 1.82 మీటర్లు, ఈటె విసరుటయందు 50.63 మీటర్లు సాధించి ఆ రెంటను అందఱికంటె ముందు నిలిచెను. చివరిదైన 800 మీటర్ల పరుగు ముగియునప్పటికి ఆమె మొత్తము 6026 పాయింట్లు సంపాదించెను. రెండవ స్థానము పొందిన చైనా క్రీడాకారిణికి 5954 పాయింట్లు లభించెను. ఆసియా క్రీడల హెప్టాథ్లానున స్వర్ణపతకమును గెలిచిన ప్రథమ భారతీయురాలు స్వప్నయే.

గెలిచిన పిమ్మట ఆమె కోరినది గమనింపదగినది. తన పాదములకు సరిపడు బూట్లు కావలెనని ఆమె కోరెను. అది సన్మానమును కోరుట కాదు. పనివాడు పనిముట్టును కోరుట వంటిది. ఆ కోరికను దేశమంతయు వినెను. తరువాత అడిడాస్ సంస్థవారు జర్మనీ దేశమున హెర్జోగెనౌరాక్ పట్టణమునందలి తమ ప్రయోగశాలలో ఆమె పాదములను కొలిపించి, ఆమె కొఱకే ప్రత్యేకముగా బూట్లను చేయించి ఇచ్చిరి. 2019లో దోహా నగరమున జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీలలో స్వప్న రజతపతకమును గెలిచెను. ఆ సంవత్సరముననే ఆమెకు అర్జున పురస్కారము లభించెను.

ఇచ్చట ఒక్క విషయమును ఆలోచింపవలసియున్నది. స్వప్న గెలిచినది బాధపెట్టు బూట్లతోనే. ఆమె ఓర్పు ప్రశంసనీయము. కాని ఆ బాధ ప్రశంసనీయము కాదు. ఆమె గెలువకపోయినచో ఆ కోరికను ఎవరు వినియుందురు? ప్రసిద్ధి పొందిన తరువాత లభించిన బూట్లు ప్రసిద్ధికి పూర్వమే అవసరమై యుండెను. మన గ్రామములయందు, పట్టణపు వీధులయందు ఎందఱు బాలబాలికలు సరిపడు బూట్లు లేక పరుగును మానుకొనుచున్నారో లెక్కించిన వారు లేరు. వారిలో కొందఱు తమ పాదమే దోషము గలదని తలంచియుందురు. దోషము పాదమునందు లేదు, అచ్చునందు కలదు.

క్రీడలయందు గెలుపునకును ఓటమికిని గల దూరము ఎంత స్వల్పమో మఱియొక ఉదాహరణము తెలుపును. 2023వ సంవత్సరమున చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో హెప్టాథ్లాన్ కాంస్యపతకమును తెలంగాణమునకు చెందిన అగసర నందిని 5712 పాయింట్లతో గెలుచుకొనెను. టీ అమ్ముకొని జీవించు తండ్రికి కుమార్తెయైన ఆమె గెలుపు తెలుగువారందఱికి ఆనందమును కలిగించెను. నాలుగవ స్థానమున నిలిచినది స్వప్నా బర్మన్. ఆమె పాయింట్లు 5708. ఏడు పోటీలు కలిసి నాలుగు పాయింట్ల భేదము! 800 మీటర్ల పరుగున అది సెకండులో మూడవవంతునకు కొంచెము తక్కువ. అంత సూక్ష్మముగా ఫలితము తేలుచోట పాదమును ఒరయు ఒక కుట్టును అల్పమని త్రోసివేయుటకు వీలులేదు.

ఈ సమస్య ఆఱు వ్రేళ్ళవారిది మాత్రమే కాదు. మన దేశమున అమ్ముచున్న బూట్ల కొలతలు చాలవఱకు ఇంగ్లండు, యూరోపు, అమెరికా పద్ధతుల ననుసరించి ఏర్పడినవి. చెన్నపట్టణమునందలి కేంద్ర చర్మ పరిశోధన సంస్థవారు 2021 డిసెంబరునుండి 2022 మార్చి వఱకు దేశమునందలి 79 ప్రాంతములలో లక్షమందికి పైగా ప్రజల పాదములను యంత్రముతో కొలిపించిరి. భారతీయుల పాదములు సామాన్యముగా పాశ్చాత్యుల పాదములకంటె వెడల్పైనవని ఆ పరిశీలనలో తేలినది. దానిని ఆధారముగా గొని, మన దేశీయులకు తగిన ‘భ’ అను క్రొత్త కొలత పద్ధతిని ప్రతిపాదించిరి. ఇట్లు చూడగా, సరిపడని పాదములు కొందఱివి కావు, కోట్లమందివి అని చెప్పవచ్చును.

విద్యార్థులు ఆటల కొఱకు బూట్లు కొనునపుడు కొన్ని సంగతులను గుర్తుంచుకొనవలెను. ఉదయముకంటె సాయంకాలము పాదము కొంచెము ఉబ్బియుండును. కావున సాయంకాలమున కొనుట మేలు. కూర్చుండి గాక నిలుచుండి, రెండు పాదములను కొలిపించుకొనవలెను. ఏ పాదము పెద్దదో దానికి సరిపడు జతను ఎన్నుకొనవలెను. ఆడునపుడు తొడుగు మేజోళ్ళనే తొడిగి చూడవలెను. పొడవైన వ్రేలి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటు మిగిలియుండవలెను. మడమ మాత్రము కదలరాదు. బిడ్డ పెరుగునని పెద్దలు రెండు సంఖ్యలు అధికముగా కొనుట మన ఇండ్లలో వాడుక. పొదుపు మంచిదే, కాని ఆ బూటుతో పరుగెత్తినచో పడిపోవుట సంభవించును. పెద్దలకు ఈ సంగతిని వినయముతో విన్నవించుటలో తప్పులేదు. ఇక ‘తొడుగగా తొడుగగా అదే సరిపోవును’ అని దుకాణదారు చెప్పినచో తొందరపడి నమ్మరాదు. దుకాణములోనే నొప్పిపెట్టు బూటు మైదానమున మఱింత నొప్పిపెట్టును. చెప్పు కఱచునది ఎచ్చటనో తొడిగినవానికే తెలియును.

తోడి విద్యార్థి ఎవడైన కుంటుచు పరుగెత్తినను, ఆటనుండి తప్పుకొని ప్రక్కన కూర్చుండినను వానిని సోమరియని ఎగతాళి చేయుటకు ముందు వాని పాదములవంక ఒకమారు చూడవలెను. కారణము అచ్చట కనబడవచ్చును. వ్యాయామోపాధ్యాయునితో ఆ మాట చెప్పుటయు, పెద్ద సంఖ్యగల జత తన యొద్దనున్నచో వానికి ఇచ్చి చూచుటయు ఎవరికైనను సాధ్యమైన పనులే.