రెండో నొక్కు

మా ఇంట్లో నాన్నది తెలుగు, అమ్మది తమిళం. అమ్మ వంటింట్లోంచి "ఇల్ల..." అని మొదలుపెడితే మాకు వెంటనే అర్థం కాదు. తర్వాతి మాట వస్తేగానీ అది తెలుగు ఇల్లో, తమిళంలో లేదనడమో తేలదు. ఒక్క క్షణం ఆగాలి. మౌస్‌తో కూడా ఇదే చిక్కని మొన్న వేసవి సెలవుల్లో తెలిసింది.

నాన్నకు వాషర్‌మన్‌పేటలో చిన్న నోటుపుస్తకాల కొట్టు ఉంది. కంప్యూటర్ క్లాసులో నేర్చుకున్న విజువల్ బేసిక్‌తో ఆయనకో బిల్లు ప్రోగ్రాం రాశాను. జాబితాలో సరుకు పేరు మీద ఒకసారి క్లిక్ చేస్తే ధర చూపించే చిన్న విండో రావాలి. డబుల్ క్లిక్ చేస్తే సరుకు బిల్లులో చేరాలి. తీరా చూస్తే, డబుల్ క్లిక్ చేసినప్పుడల్లా ధర విండోనే అడ్డొచ్చేది. రెండో నొక్కు దాని మీద పడేది. మొదటి నొక్కు పడగానే విండోస్ 'క్లిక్' అని చెప్పేస్తుంది మరి. రెండోది వస్తుందని దానికి మాత్రం ముందే ఎలా తెలుస్తుంది? రెండోది గడువులోగా పడితేనే 'డబుల్ క్లిక్' అంటుంది. ఆ గడువు మామూలుగా 500 మిల్లీసెకన్లు, అంటే అర సెకను.

అందుకని టైమర్ పెట్టాను. మొదటి క్లిక్ రాగానే ఏమీ చేయకుండా అర సెకను ఆగాలి. ఈలోగా డబుల్ క్లిక్ వస్తే బిల్లులో చేర్చాలి, రాకపోతే ధర చూపించాలి. నా చేతికి చక్కగా పనిచేసింది.

నాన్న చేతికి పనిచేయలేదు. ఆయన వేళ్లు కొంచెం వణుకుతాయి. రెండు నొక్కుల మధ్య అర సెకను దాటిపోయేది. "త్వరగా నొక్కాలి నాన్నా" అని రెండుసార్లు విసుక్కున్నాను కూడా. మూడోసారి ఆయన, "నా చెయ్యే సరిగా లేదులే అమ్మా" అని పాత బిల్లు పుస్తకం తీసుకున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు ఆయన చేతిది కాదు, నేను రాసిన 500ది. విండోస్‌లో డబుల్ క్లిక్ వేగం తగ్గించుకునే వీలుంది. తగ్గించాను. ప్రోగ్రాంలో నా అంకె తీసేసి, ఆ కంప్యూటర్‌లో పెట్టుకున్న గడువునే అడిగి తీసుకునేలా మార్చాను. అప్పుడు ధర కనబడ్డానికి ఇంకా ఆలస్యమైంది.

చివరికి టైమరే తీసేశాను. ధర ఇప్పుడు జాబితా కిందే ఒక వరుసలో కనబడుతుంది, దేనికీ అడ్డు రాదు. ఫైల్ మీద ఒకసారి నొక్కితే ఎంపికవుతుంది, రెండుసార్లు నొక్కితే తెరుచుకుంటుంది. అక్కడ మొదటి పని రెండోదానికి మెట్టు. నేను ఆ రెంటికీ తగువు పెట్టాను. పక్కనే 'చేర్చు' అని పెద్ద బటన్ కూడా పెట్టాను. ఒక్కసారి నొక్కితే చాలు, ఎంత నిదానంగానైనా సరే.

నాన్న ఇప్పుడు బిల్లు తనే వేస్తున్నారు. అలవాటుకొద్దీ ఆ బటన్‌ని కూడా రెండుసార్లు నొక్కుతారు. మొదట్లో ప్రతిదీ రెండేసి పడింది. ఒక నొక్కు తర్వాత రెండు సెకన్ల వరకు ఇంకోదాన్ని పట్టించుకోవద్దని ప్రోగ్రాంకి చెప్పాను. నాన్నకి చెప్పలేదు.